సాగు నాది, సంతకం ఆయనది

చేవెళ్ల దారిలోని ఒక పల్లెకూ, హైదరాబాద్‌లోని అత్తాపూర్‌కూ మధ్య తిరుగుతూ సంసారం నడుపుతున్న 39 ఏళ్ల మహిళ ఈసారి ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు. వాటిని వదిలేసి, మిగతాది కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 2006లో పెళ్లయింది. ఇంటర్ చదివారు. అత్తవారికి మూడున్నర ఎకరాల పొలం ఉంది. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త కారు నడుపుకోవడానికి నగరానికి వచ్చేశారు. 2017లో మామగారు కాలం చేశారు. మరుసటి ఏడాది పొలానికి కొత్త పట్టాదారు పాస్‌బుక్కు భర్త పేరున వచ్చింది. సాగంతా ఆమె, 65 ఏళ్ల అత్తగారే చూసుకుంటున్నారు. పాలకూర, కొత్తిమీర, మెంతి, చుక్కకూర, గోంగూర వేస్తారు. ఇరవై గుంటల్లో బంతి పెడతారు. పిల్లల చదువుల కోసం అత్తాపూర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాక వారంలో నాలుగు రోజులు ఊళ్లో, మూడు రోజులు ఇక్కడ ఉంటున్నారు. సాయంత్రం కోసి కట్టలు కట్టిన ఆకుకూరను తెల్లవారకముందే ట్రాలీ ఆటోలో వేసుకుని మెహిదీపట్నం రైతుబజారుకు చేరుస్తారు. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తాయి. ఖర్చులు పోను మంచి నెలలో 25 వేల దాకా మిగులుతుందనీ, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు దాని మీదే గడుస్తున్నాయనీ రాశారు.

రెండు నెలల క్రితం భర్త భోజనం చేస్తూ, రోడ్డు పక్క రెండెకరాలు అమ్ముతున్నానని, 5 లక్షలు బయానా కూడా తీసుకున్నానని చెప్పారు. పొలానికి ఉన్న ఒక్క బోరూ ఆ రెండెకరాల్లోనే ఉంది. ఆయనకు రెండు కార్ల మీద 11 లక్షల అప్పు ఉంది. ఒక కారు ప్రమాదంలో దెబ్బతిని మూలనపడింది. ఎకరం కోటి దాకా పలుకుతోంది కాబట్టి అప్పు తీర్చి, పిల్లలకు ఒక ఫ్లాటు కొని పెట్టాలని ఆయన ఆలోచన. ‘నన్నొక మాట అడగాల్సింది’ అని ఈమె అంటే, ‘పొలం నా పేరు మీద ఉంది. నువ్వు సాయం చేశావు, కాదనను. ఇక నీకీ కష్టం వద్దనే అమ్ముతున్నాను’ అన్నారట. పుట్టింట్లో తల్లి, మగవాళ్ల వ్యవహారంలో తల దూర్చవద్దన్నారు. అత్తగారు మాత్రం, ‘మీ మామ ఎకరం అమ్మినప్పుడు నన్నూ ఎవరూ అడగలేదు’ అని ఊరుకున్నారు. ఆడబిడ్డ షాద్‌నగర్‌లో ఉంటుంది. ఆమెకు ఈ సంగతి ఇంకా తెలియదు.

భర్త తాగరని, చేయి చేసుకోరని, పిల్లలంటే ప్రాణమని ఉత్తరంలో రెండు చోట్ల ఉంది. పంట రుణం కోసం బ్యాంకుకు వెళ్తే పాస్‌బుక్కు ఎవరి పేరున ఉంటే వారే రావాలని తిప్పి పంపారని, ఈ మధ్య కూతురు కాలేజీ దరఖాస్తులో తల్లి వృత్తి దగ్గర ‘గృహిణి’ అని నింపిందని, ఆ రాత్రి తనకు నిద్ర పట్టలేదని రాశారు. చివరగా మూడు ప్రశ్నలు అడిగారు. నేను అడ్డం పడితే తప్పా? నాకు హక్కంటూ ఏమైనా ఉందా? సంసారం చెడకుండా ఏం చేయవచ్చు?

సమాధానం:

అమ్మా, మొదటి ప్రశ్నకు జవాబు వెంటనే చెప్పేస్తాను. తప్పు కాదు. ఇన్నేళ్లు మీ చెమట తాగిన పొలం చేతులు మారుతుంటే నన్ను అడగండి అనడంలో అత్యాశ ఏమీ లేదు. మిగతా రెండు ప్రశ్నలు అంత తేలిగ్గా తేలవు. పొలం ఎవరిది, సాగు కొనసాగించాలా వద్దా, మీ ఆయన దృష్టిలో మీ మాటకు విలువ ఉందా అనే మూడు సంగతులు మీ ఉత్తరంలో పెనవేసుకుపోయాయి. ఒకదాని మీది కోపం ఇంకొకదాని మీద తీర్చుకుంటే మూడూ చెడతాయి. అందుకే విడదీసి చూద్దాం.

మీ ఉత్తరం రెండో పేజీలో పాలకూర గురించి రాసిన భాగం నేను మళ్లీ మళ్లీ చదివాను. ఉన్న స్థలాన్ని ఆరు మళ్లుగా చేసి, వారానికొక మడి విత్తుతూ, ఏ వారం బజారుకు వెళ్లినా కోతకు వచ్చిన మడి ఒకటి ఉండేలా చూసుకుంటానన్నారు. బతుకమ్మకు బంతిపూలు అందాలంటే ఆషాఢంలోనే నారు పోయాలని లెక్క కట్టుకుంటారు. రంజాన్ నెలలో మెహిదీపట్నం వైపు కొత్తిమీర, పుదీనా ఎంత తెచ్చినా చాలవని ముందే వేస్తారు. ఎండాకాలంలో కొత్తిమీర మడి మీద పాత చీరలు కట్టి నీడ పడేలా చేస్తారు. వాన ముసురు పట్టినప్పుడు మెంతి జోలికి వెళ్లరు, మురిగిపోతుంది కాబట్టి. ఏ మడిలో ఏది వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి, ఎక్కడ అమ్మాలి అని నిర్ణయించే మనిషిని రైతు అంటారు. ఆ నిర్ణయాలన్నీ మీవి. మీ ఆయన ఆ పొలానికి పట్టాదారు. రైతు మీరు. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు, జరుగుతున్నది ఇదే.

మరి ఇది ఎవరికీ ఎందుకు కనబడలేదంటే, కాగితాల్లో లేదు కాబట్టి. మీ ఒక్కరి విషయమే కాదు. కేంద్ర ప్రభుత్వం చేసిన 2023-24 శ్రామికశక్తి సర్వే ప్రకారం పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో నూటికి 77 మంది వ్యవసాయంలోనే ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణనలో కమతదారులుగా ఎక్కిన ఆడవాళ్లు నూటికి 14 మందే. పొలంలో ఉన్నవారికీ పుస్తకంలో ఉన్నవారికీ మధ్య ఇంత దూరం ఉంది. ఈ దూరం తగ్గించాలని 2012లో ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల బిల్లు పెట్టారు. పట్టా ఉన్నా లేకపోయినా, సాగు చేసే ఆడమనిషికి గ్రామపంచాయతీ ధ్రువపత్రం ఇవ్వాలని అందులో ఉంది. అది చట్టమై ఉంటే బ్యాంకులో మిమ్మల్ని అలా తిప్పి పంపేవారు కాదేమో. బిల్లుకు కాలదోషం పట్టింది. 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, సంతోషమే. కానీ మీ చేతికి ఇవాళ కావలసింది పాస్‌బుక్కు.

పాస్‌బుక్కు లేకపోవడం వల్ల మీకు జరుగుతున్న నష్టం గౌరవానికి సంబంధించినది మాత్రమే అనుకోకండి. ప్రభుత్వం పెట్టుబడి సాయంగా ఇచ్చే రైతుభరోసా ఎకరానికి పంటకు 6,000 చొప్పున ఆయన ఖాతాలో పడుతుంది. అంతకంటే నన్ను కలవరపెట్టేది రైతుబీమా. 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. చీకట్లో గట్ల మీద నడిచేది మీరు, తడి చేతులతో మోటారు స్టార్టరు నొక్కేది మీరు, మందు కొట్టేది మీరు. మీకేమైనా జరిగితే ఆ బీమా మీ పిల్లలకు రాదు. ఆయన పగలంతా హైదరాబాద్ రోడ్ల మీద కారు నడుపుతుంటే, పొలం బీమా ఆయన పేరున ఉంది. ఈ ఒక్క సంగతి మీ ఆయనకు నెమ్మదిగా చెప్పి చూడండి. పిల్లలంటే ప్రాణం అన్నారు కదా, ఈ లెక్క ఆయనకు వెంటనే ఎక్కుతుంది.

ఇప్పుడు హక్కు సంగతి. నిజం చెప్పాలి, వినడానికి చేదుగా ఉంటుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, భర్త బతికి ఉండగా ఆయన పేరున ఉన్న భూమిలో భార్యకు వాటా అడిగే హక్కు లేదు. పోషణ పొందే హక్కు ఉంది. ఆయన తర్వాత పిల్లలతో, అత్తగారితో సమానంగా వారసత్వ హక్కు ఉంది. కానీ ఇన్నేళ్లు సాగు చేశాను కాబట్టి ఇంత నాది అని అడగడానికి మన చట్టంలో చోటు లేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. అయినా ఉన్న చట్టాన్ని బట్టే మీరు అడుగు వేయాలి.

అయితే మీరు రాసిన వివరాల్లో మీరు గమనించని ఒక విషయం ఉంది. ఆ పొలం నిజంగా మీ ఆయన ఒక్కరిదేనా?

మామగారు 2017లో పోయారు. వీలునామా రాసినట్టు మీరు ఎక్కడా చెప్పలేదు. రాయకపోతే ఆయన ఆస్తికి వారసులు కొడుకు ఒక్కడే కాదు. భార్య, కూతురు కూడా. అది మామగారు సొంతంగా కొనుక్కున్న భూమి అయితే మీ అత్తగారికి, మీ ఆయనకు, మీ ఆడబిడ్డకు మూడు సమాన వాటాలు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే లెక్క మారుతుంది కానీ, అప్పుడూ మీ ఆడబిడ్డకు, అత్తగారికి వాటాలు ఉంటాయి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో సమాన హక్కు దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి ఉంది. మన దగ్గర అయితే అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఆ హక్కు ఇచ్చారు. తండ్రి ఎప్పుడు పోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో మరోసారి తేల్చి చెప్పింది. ఇక ఆ భూమి ఉమ్మడి ఆస్తే అయితే, మీ కూతురికీ కొడుకుకీ కూడా అందులో మాట ఉంటుంది.

2018 మేలో రైతుబంధు (రైతుభరోసాకు ముందున్న సాయం) చెక్కులతో పాటు కొత్త పాస్‌బుక్కులు పంచినప్పుడు, మీ ఇంట్లోలాగే ఎన్నో ఇళ్లలో తండ్రి పేరు పోయి నేరుగా కొడుకు పేరు ఎక్కింది. తల్లిని, చెల్లెలిని అడిగినవారు తక్కువ. పాస్‌బుక్కులో పేరు ఎక్కినంత మాత్రాన మిగతా వారసుల హక్కు మాసిపోదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. కాబట్టి మీరు మొదట తెలుసుకోవలసింది ఒక్కటే. అత్తగారు, ఆడబిడ్డ తమ హక్కు వదులుకుంటూ రిజిస్టరైన పత్రం మీద సంతకం చేశారా? చేసి ఉంటే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. తహసీల్దారు ఆఫీసులో అఫిడవిట్ మీద వేలిముద్ర వేయించుకున్నారంటే అది లాయరు చూసి చెప్పాలి. ఏమీ చేయలేదంటే, రెండెకరాలు ఒక్క సంతకంతో అమ్మే అధికారం మీ ఆయనకు లేదు.

మీ అత్తగారు ‘నన్నూ ఎవరూ అడగలేదు’ అన్న మాటలో విరక్తి ఒక్కటే మీకు వినిపించినట్టుంది. నాకు మాత్రం ఈ ఇంట్లో కొడుకుతో పాటు హక్కున్న మనిషి ఆమే అనిపిస్తోంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. మీరు చెప్పండి. చెప్పేటప్పుడు ఆమెను మీ కొట్లాటలో పావుగా వాడుకుంటున్నట్టు ఉండకూడదు. ఆమె హక్కు ఆమెది. కొడుకుకే ఇచ్చేస్తాను అంటే ఆ మాటను గౌరవించాలి. ఇంకొకటి కూడా. అత్తగారి వాటా మాట ఎత్తి ఆడబిడ్డ వాటా దాచిపెట్టడం కుదరదు, కుదిరినా న్యాయం కాదు. తీగ లాగితే ఆ మూడున్నర ఎకరాల్లో షాద్‌నగర్ వాటా కూడా బయటపడుతుంది. అంటే మీ ఇంటికి మిగిలే భూమి తగ్గుతుంది. ఆ తగ్గుదలకు మీరు సిద్ధపడ్డాకే ఈ సంగతి కదిలించండి.

మీ ఆయన గురించి కూడా న్యాయంగా మాట్లాడుకోవాలి. ఒక కారు మూలనపడి, వాయిదాలు ఆగకుండా వస్తుంటే మనిషికి రాత్రి నిద్ర ఉండదు. ఆయన మీకు చెప్పకుండా బయానా తీసుకోవడం వెనక అహంకారం కంటే భయం ఎక్కువ ఉందని నా ఊహ. ‘నీకీ కష్టం వద్దనే’ అన్న మాట ఆయన మనసారా అన్నదే కావచ్చు. కానీ ఆయన చూస్తున్నది మీ కష్టాన్నే, మీ నైపుణ్యాన్ని కాదు. అది ఆయన కంటికి కనబడాలంటే లెక్క కాగితం మీద పెట్టాలి. ఈ రోజు నుంచే ఒక నోటుబుక్కులో రాయండి. విత్తనం, ఎరువు, కూలి, ఆటో కిరాయి, ఏ రోజు ఎన్ని కట్టలు, ఎంత ధర. వెనకటి ఆరు నెలలది కూడా గుర్తున్నంత రాయండి. అద్దె, ఫీజులు ఏ డబ్బుతో కట్టారో పక్కనే రాయండి. ఈ లెక్క పట్టుకుని మాట్లాడే ఇల్లాలితో ‘సాయం చేశావు’ అనడం ఎవరికీ అంత తేలిక కాదు. రేపు పంట రుణానికో, పొదుపు సంఘంలో పెద్ద అప్పుకో వెళ్లినా ఆ పుస్తకమే పనికొస్తుంది.

అలాగే ఆయనను కూర్చోబెట్టి బోరు సంగతి అడగండి. రోడ్డు వైపు రెండెకరాలు పోతే వెనక మిగిలే ఎకరంన్నరకు నీళ్లెక్కడివి? ట్రాలీ ఆటో లోపలికి ఏ దారిన వస్తుంది? కొన్నవాడు ప్రహరీ కట్టాక మీ మడికి మీరు పక్కవాళ్ల గట్టు మీద నడిచి వెళ్లాలి. మీ ఆయన రెండెకరాలు అమ్ముతున్నాననుకుంటున్నారు, నిజానికి మూడున్నర ఎకరాల సాగూ ఆగిపోతుంది. తర్వాత ఆ వెనక ముక్కను కూడా కొన్నవాడు చెప్పిన ధరకే ఇచ్చేయాల్సి వస్తుంది. నగరం చుట్టూ ఎంతమంది చిన్న రైతుల భూమి ఇలాగే రెండు విడతల్లో పోయిందో మీ ఊళ్లోనే అడిగితే చెబుతారు.

ఇంకో లెక్క కూడా నాకు అంతుబట్టలేదు. ఎకరం కోటి పలికేచోట 11 లక్షల అప్పుకు రెండెకరాలు ఎందుకు? అప్పు తీర్చడం వేరు, ఫ్లాటు కొనడం వేరు. మొదటిది అత్యవసరం, రెండోది కోరిక. రెండూ ఒకే మూటలో కట్టడం వల్ల అమ్మకం తప్పదన్నట్టు కనిపిస్తోంది. అప్పు ఒక్కటే తీరాలంటే, మూలనపడిన కారు వచ్చినంతకు వదిలించుకుని, బోరు లేని వైపు అర ఎకరం అమ్మినా చాలు, ఇంకా మిగులుతుంది. రోడ్డు లేని ముక్కకు ధర తక్కువే వస్తుంది, కొనేవాడు దొరకడానికి సమయమూ పడుతుంది. అయినా పొలం బతుకుతుంది. నన్ను అడిగితే ముందు ఈ దారి మాట్లాడి చూడమంటాను. చిక్కల్లా ఇప్పటికే తీసుకున్న బయానా. అగ్రిమెంటులో గడువు ఎంత ఉంది, తప్పితే ఎంత తిరిగి ఇవ్వాలని రాశారు అన్నది చదవకుండా దీని మీద ఏమీ చెప్పలేం. మీ ఆయన అమ్మి తీరాలని బయానా ఇచ్చినవాడు కోర్టుకు వెళ్లే వీలు కూడా ఉంటుంది. ఎంత ఆలస్యం చేస్తే ఆ ముడి అంత బిగుస్తుంది.

అమ్మకం ఆగదు అనుకుందాం. అప్పుడు ఒప్పుకోవడం కూడా ఒక దారే, కానీ ఊరికే తల ఊపకండి. మిగిలిన ఎకరంన్నర మీ పేరున గిఫ్టు డీడు చేయమనండి. అమ్మకం రిజిస్ట్రేషన్ కంటే ముందో, అదే రోజో. తర్వాత చూద్దాం అన్న మాటకు ఒప్పుకోవద్దు. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులోనే జరుగుతుంది, పేరు మార్పు కూడా దాంతోపాటే అయిపోతుంది, పాస్‌బుక్కు మీ పేరున వస్తుంది. అప్పటినుంచి రైతుభరోసా, బీమా, పంట రుణం అన్నీ మీవి. దారి కోసం కొన్ని అడుగుల వెడల్పు వదలాలని, కొత్త బోరు ఖర్చు అమ్మకం డబ్బులోంచి రావాలని అమ్మకం పత్రంలోనే రాయించండి. ఫ్లాటు కొంటే ఇద్దరి పేరున కొనమనండి. దీనివల్ల లాభం ఏమిటంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మీ చేతికి మొదటిసారి భూమి వస్తుంది. నష్టం ఏమిటంటే అత్తగారి, ఆడబిడ్డ వాటాల సంగతి తేలకుండా మీకు గిఫ్టు ఇస్తే ఆ చిక్కు రేపు మీ పట్టాకే చుట్టుకుంటుంది. అందువల్ల ముందు వాళ్లిద్దరితో కలిసి రాతపూర్వకంగా పంపకం చేసుకుని రిజిస్టరు చేయించడం మంచిది.

కోర్టుకు వెళ్లి ఆపించడం చివరి దారి. అది మీ పేరున సాధ్యం కాదు, అత్తగారో ఆడబిడ్డో వాటా అడిగి స్టే తెచ్చుకోవాలి. గెలిచే అవకాశం ఉన్న కేసే కావచ్చు. కానీ తల్లి కొడుకు మీద కేసు వేసిన ఇంట్లో మీరు రోజూ వంట చేయాలి. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ లోపల అప్పుకు వడ్డీ పెరుగుతుంది, పొలం వివాదంలో ఉందని ఎవరూ కొనరు. మాట వినని మనిషిని ఆపడానికి ఇది తప్ప వేరే దారి లేని పరిస్థితులు ఉంటాయి. మీ ఉత్తరం చదివితే మీ ఇల్లు ఇంకా అక్కడికి చేరలేదనే అనిపిస్తోంది. కోర్టుకు వెళ్లకుండానే పనిచేసే మాట ఒకటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల డబ్బు పెట్టి కొనేవాళ్లు తర్వాత గొడవలు రాకూడదని కుటుంబ సభ్యులందరి సంతకాలు అడుగుతారు. అంటే త్వరలోనే మీ అత్తగారి దగ్గరికి ఒక కాగితం రావచ్చు, షాద్‌నగర్‌కూ వెళ్లవచ్చు. చదివి వినిపించకుండా, మీ కూతురి చేత ఒక ఫొటో తీయించకుండా దేని మీదా వేలిముద్ర వేయవద్దని ఆమెకు ఇవాళే చెప్పండి. ఆ సంతకం అవసరమైన రోజున మీ ఇంటి ఆడవాళ్ల మాట తప్పక వింటారు.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న. మూడో పేజీ అంచున, ‘కొన్ని సాయంత్రాలు కట్టలు కడుతూ కూర్చుంటే మళ్లీ లేవలేకపోతున్నాను’ అని రాసి వదిలేశారు. నడుము సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మీకు ఈ సాగు ఇంకా చేయాలని ఉందా, లేక అడగకుండా లాక్కుంటున్నారన్న బాధతో పట్టుకుని ఉన్నారా? రెండూ నిజమైన కారణాలే. జవాబును బట్టి దారి మారుతుంది. చేయాలని లేకపోతే, అలసిపోయానని ఒప్పుకోవడంలో ఓటమి లేదు. అప్పుడు మీరు పట్టుబట్టాల్సింది పొలం గురించి కాదు, అమ్మకం డబ్బులో మీ పేరున, అత్తగారి పేరున ఎంత పడుతుందన్నదాని గురించి. నెలకు 25 వేలు తెచ్చే మనిషి ఆ పని మానితే అద్దె, ఫీజులు ఎలా గడుస్తాయో కూడా అదే రోజు తేల్చుకోవాలి.

చేయాలని ఉంటే, ఒంటరిగా ఇలాగే చేయాలని లేదు. కోతకు వచ్చే ఇద్దరు ఆడకూలీల గురించి రాశారు, వాళ్లకు సెంటు భూమి లేదన్నారు. పొలం పోతే వాళ్ల పని కూడా పోతుంది. వాళ్లనూ, ఆకుకూర వేసే ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లనూ కలుపుకుని, మీ పొదుపు సంఘంలోంచే ఒక గుంపుగా ఏర్పడితే బజారుకు వంతులవారీగా వెళ్లవచ్చు. నాలుగు తెల్లవారుజాములు ఒకటో రెండో అవుతాయి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు బీడు భూములను గుంపుగా కౌలుకు తీసుకుని చిరుధాన్యాలు పండించారు, విత్తనాలు తామే దాచుకున్నారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లలో చాలామందికి మీకున్న చదువు లేదు, పొలమూ లేదు. మీ ఆకుకూరల సాగు వేరు, నేల వేరు, అలాగే చేయమనడం లేదు. పట్టా లేని ఆడవాళ్లు కూడా కలిస్తే తమ పని దిద్దుకోగలిగారని చెప్పడానికే రాశాను. గుంపు కట్టడంలో చిక్కులూ ఉంటాయి, డబ్బు లెక్కల దగ్గర మాటలు వస్తాయి. అందుకూ ఆ నోటుబుక్కే దిక్కు.

మీ కూతురి మీద కోపం పెట్టుకోకండి. తను పెరిగిన ఊళ్లో అందరి దరఖాస్తుల్లోనూ ఆ గడిలో చూసిందే రాసింది. ఒక ఆదివారం బజారుకు తీసుకెళ్లి గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టండి. నోటుబుక్కు రాసే పని కూడా తనకే అప్పగించండి.

ఈ వారంలో చేయగలిగినవి చెప్పి ముగిస్తాను. బయానా అగ్రిమెంటు నకలు మీ ఆయనను అడిగి తీసుకోండి. గొడవగా అడగవద్దు, గడువు ఎప్పుడో తెలుసుకోవాలని అడగండి. మామగారి కాలం నాటి పాత పాస్‌బుక్కు, పాత పహాణీలు (భూమి, సాగు వివరాల నకళ్లు) ఇంట్లో ఎక్కడున్నాయో అత్తగారికి తెలిసి ఉంటుంది, అవి ఒక సంచిలో పెట్టండి. భూమి ఆయన కొన్నదా, తాతల నాటిదా అన్నది వాటిలోనే తెలుస్తుంది. లాయరు ఖర్చుకు భయపడకండి. న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం అందాలి. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపిస్తారు. పాస్‌బుక్కులో పేరు ఎక్కిన తీరు మీద అభ్యంతరం ఉంటే, 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన భూమి రికార్డుల చట్టం భూభారతిలో ఆర్డీవోకు, ఆపైన కలెక్టరుకు అప్పీలు చేసుకునే వీలుంది. హక్కు ఎవరిదన్న వివాదం మాత్రం సివిల్ కోర్టులోనే తేలాలి. గడువులు ఉంటాయి, 2018 నుంచి చాలా కాలం గడిచింది కాబట్టి ఆలస్యం వద్దు. వెళ్లేటప్పుడు మీరొక్కరే వెళ్లకండి. అత్తగారిని వెంట తీసుకెళ్లండి, మామగారి మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్ కార్డు మర్చిపోకండి, అక్కడ ముందుగా ఆమెనే మాట్లాడనివ్వండి.